ఏడో పేలిక

కాస్త ఇటు జరుగు తల్లీ, ఇంకాస్త. ఫ్యాను చప్పుడులో నా మాట సగం గాలికి పోతుంది. ఈ కథలో పోగొట్టుకోదగ్గ సగం లేదు.

మొదటి పేలిక బయటికి లాగేసరికి పొద్దున ఆరున్నర. పంజగుట్ట చౌరస్తా వెనక సందులో, రేకుల షెడ్డు కింద, పాత జర్మనీ వ్యాను వెనక మూత పైకెత్తి పెట్టి రాజనర్సయ్య నడుం దాకా అందులోకి వంగి ఉన్నాడు. ఆ రకం బండికి ఇంజను వెనక ఉంటుంది. రేడియేటర్ ఉండదు, నీళ్లు పోసే పనే లేదు. ఒక పెద్ద పంకా తిరుగుతూ నాలుగు సిలిండర్ల మీదికీ గాలి తోస్తుంది. ఆ గాలి తగిలినంత కాలమే దానికి ఆయుష్షు. రాజనర్సయ్య లాగిన పేలికను దులిపి, వెలుతురుకు పట్టి చూసి, కుడి జేబులో పెట్టుకున్నాడు. "ఒకటి" అన్నాడు, ఎవరికో అప్పజెబుతున్నట్టు.

ఎర్ర గుడ్డ పేలికలవి. మూరెడు పొడవు, జానెడు వెడల్పు, ఒక్కోదాని కొసన ఒక ముడి. ఇంజను విప్పితే దాని నోళ్లన్నీ తెరుచుకుంటాయి. పని చేస్తుంటే చేయి జారి ఒక నట్టు అందులో పడిందనుకో, మనకు తెలియదు. బండి నడిచినప్పుడు ఇంజనుకు తెలుస్తుంది. అందుకని ఆయన నోటికొక పేలిక కుక్కి, ముడి ఉన్న కొస బయటికి వేలాడదీసేవాడు. సిలిండర్ల నోళ్లకు నాలుగు. కార్బురేటర్ కూర్చునే గొట్టానికి ఒకటి. ఆయిలు పోసే మూతికి ఒకటి. ఏడోది మూడో సిలిండరుకూ నాలుగోదానికీ నడుమ ఉన్న సందులో, బండి కిందనుంచి. జారిన నట్లు వెళ్లి దాక్కునేది ఆ సందులోనే. దానికి సరిగ్గా పైన ఆయిలును చల్లార్చే డబ్బా అడ్డంగా కూర్చుని ఉంటుంది. అందువల్ల మూడో సిలిండరుకు ఎప్పుడూ గాలి తక్కువ, వేడి ఎక్కువ. పైన బిగించాల్సినవన్నీ బిగించాక, చిట్టచివర తీయాల్సింది ఆ ఏడో పేలికనే.

ఈ పద్ధతి ఆయన సొంతం కాదు. నర్సాపూర్ పక్క ఊరినుంచి కరువు తరిమితే వచ్చి ఈ సందులో పనికి కుదిరినప్పుడు ఆయనకు పద్నాలుగేళ్లు. అప్పుడు షెడ్డు నడిపే ఉస్తాద్ దగ్గర పానాలు కడిగే పని. ఒకరోజు చిన్న వాషరు ఒకటి ఎవరిదో కారు కార్బురేటర్ గొంతులో పడేసి, భయపడి చెప్పలేదు. కారు మూడు మైళ్లు పోకముందే పిస్టన్ పగిలింది. ఉస్తాద్ కొట్టలేదు. పగిలిన పిస్టన్ ముక్కను తాడుకు గుచ్చి నెల రోజులు మెడలో వేయించి తిప్పాడు. "పడేసుడు తప్పు కాదు బేటా, చెప్పకపోవుడు తప్పు" అన్నాడు. తాడు తీసేసిన రోజున తన పాత రుమాలు చింపి మొదటి పేలికలు ఆయనే ఇచ్చాడు. అది జరిగి, ఈ వ్యాను పొద్దుటికి నలభై ఏడేళ్లు. ఉస్తాద్ పోయాడు, షెడ్డు ఇద్దరు ముగ్గురి చేతులు మారింది, సందుకు రెండు పక్కలా అద్దాల మేడలు లేచాయి. రాజనర్సయ్య అదే గోడకు అదే మేకుకు ఇంటి చొక్కా తగిలించి, ఖాకీది తొడుక్కుని పని చేస్తూనే ఉన్నాడు. ఆ షెడ్డు బోర్డు మీద ఆయన పేరు ఎప్పుడూ లేదు. ఉండాలని ఆయనకు తోచనూ లేదు.

పేలికలు చింపి ఇచ్చేది రుద్రమ్మ, ఆయన భార్య. మసి నలుపులో కనబడాలని ఆయనకు ఎర్రగుడ్డే కావాలి. "నా పెండ్లి చీర సుత గీయన ఇంజన్ల నోట్లెనే పోయింది" అని బోరబండలో నాలుగిళ్లకు వినబడేట్టు అనేది. అంటూనే దుకాణానికి పోతే, ఏ రంగు మీద కన్ను పడ్డా, చివరికి ఎర్రదే తెచ్చుకునేది. పదేళ్లు కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయ్యాక చింపేది. ఆ మెత్తదనం ఆయన వేళ్లకు బాగా తెలుసు. చీకట్లో పెట్టినా ఇది రుద్రమ్మ గుడ్డ అని చెప్పగలడు.

ఇక వ్యాను సంగతి. మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా జావా, ఒరాకిల్ అని కాగితాలు అతికి ఉండే రోజులు. మధురానగర్‌లో మేడకొక హాస్టలు. అక్కడ ఒక సందులో స్వరాజ్యం అనే ఆమె మెస్ నడిపేది. తణుకు నుంచి వచ్చిన మనిషి, యాభై అయిదేళ్లు, నోరూ చేయీ రెండూ పెద్దవే. ఆమె పప్పు తిని చదువుకున్న పిల్లలు మాధాపూర్‌లో ఉద్యోగాల్లో చేరి, మాకు ఆ భోజనమే కావాలని ఆఫీసులో అడిగారు. రోజుకు రెండువందల నలభై క్యారియర్లు, మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా బల్ల మీద ఉండాలి. స్వరాజ్యం సంబరంగా ఒప్పుకుని, అంత వంట ఒక్కచోట సాగదని హాస్టళ్ల బేరాలన్నీ వదిలేసింది. మొదటి రోజు పంజగుట్ట దాటాక వచ్చే ఎత్తు మీద ఆమె వ్యాను సగంలో నిలిచిపోయింది. రెండో రోజూ అక్కడే నిలిచింది. క్యారియర్లు ఆటోల్లోకి మార్చేసరికి సాంబారు రోడ్డు పాలైంది, భోజనం ఒకటిన్నరకు చేరింది. ఆఫీసువాళ్లు మర్యాదగానే చెప్పారు. రెండు వారాలు మేము వేరే ఏర్పాటు చేసుకుంటాం. ఆ తర్వాత వచ్చే శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాం. పన్నెండున్నర దాటితే ఇక రావద్దు.

నేను చెబుతున్నది ఆ శుక్రవారమే. అది తప్పితే స్వరాజ్యం పొయ్యి వెలిగించడానికి కారణం ఉండదు. పదకొండు మంది ఆడవాళ్లు కత్తిపీటలు సర్దుకుని ఇంటికి పోవాల్సిందే.

వ్యాను తీసుకొచ్చిన రోజు అందరూ తూకానికి అమ్మేయమన్నారు. రాజనర్సయ్య ఒక్కడే మూత ఎత్తి, చాలాసేపు విని, "ముసలిదేం కాదమ్మా. ఉరుకుతది గని గుంజది. దీనికి పుల్లింగు కావాలె, గంతే" అన్నాడు.

"కొత్త సామాను కొనే స్తోమత నాకు లేదండీ రాజనర్సయ్యగారూ."

"కొత్తది ఎవ్వలడిగిన్రు?"

కృష్ణానగర్‌లో సినిమా బళ్లు నిలిపే దొడ్డిలో అలాంటిదే మరో వ్యాను చచ్చి పడి ఉంది, ఒకప్పుడు మేకప్పు పెట్టెలు మోసినది. దాని సీట్ల మీద కోళ్లు పొదుగుతున్నాయి. కోళ్లను లేపకుండా వెనకనుంచి దాని సిలిండర్లు విప్పుకొచ్చాడు, అవి దీనివాటికన్నా కాస్త లావు. అమీర్‌పేట లేతు మిషను దగ్గర గంటలకొద్దీ నిలబడి సిలిండర్ తలల ముఖాలు తలవెంట్రుక మందాన చెక్కించాడు, లోపలి గాలీ పెట్రోలూ గట్టిగా నొక్కుకుని గట్టిగా తన్నాలని. వాల్వులు అరచేతుల మధ్య కర్ర తిప్పినట్టు తిప్పి తనే అరగదీశాడు. వెనక చక్రాలకు ఒక సైజు చిన్న టైర్లు వేశాడు. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది, దానికి ఖర్చు లేదు. నాలుగు పిస్టన్లూ సంచిలో వేసుకుని మెస్‌కు పోయి వంటింటి తక్కెడలో పెట్టాడు.

"కందిపప్పు తూచే తక్కెడలో ఇవేంటండీ?" అంది స్వరాజ్యం.

"గివి సుత పప్పు లెక్కనే అమ్మా. నాలుగూ ఒక్క తూకం ఉండాలె. ఒక్కటి బరువైతే మిగిలిన మూడింటిని సతాయిస్తది."

"మా వంటవాళ్లలోనూ ఒకావిడ అలాగే ఉంది. పిలుస్తాను, ఆమెక్కూడా కాస్త ఆకురాయి పెట్టండి."

రాజనర్సయ్య నవ్వలేదు, కానీ బరువున్న పిస్టన్‌ను అక్కడే మెట్టు మీద కూర్చుని ఆకురాయితో గీస్తున్నంతసేపూ మీసం కింద ఏదో కదులుతూనే ఉంది.

అలా రెండు వారాలు. గురువారం సాయంత్రం ఇంజను జాకీ మీద ఎత్తి బండిలో కూర్చోబెట్టారు. ఎత్తుతున్నప్పుడు ఎడమ భుజంలో పోటు వచ్చింది. పట్టేసిందిలే అనుకున్నాడు. తెల్లారి చద్దన్నం తింటూ కంచం పట్టుకోబోతే ఆ చేయి సరిగా లేవలేదు. రుద్రమ్మ చూసింది.

"దవఖానకు పో."

"ఇయ్యాల గా బండి పంజగుట్ట చడావు ఎక్కనియ్యి. గటునుంచి గటే పోత."

"చడావు నువ్వు ఎక్కుతున్నవా, బండి ఎక్కుతున్నదా?"

రాజనర్సయ్య చేయి కడుక్కుని సెవెన్ సీటర్ ఆటో ఎక్కి వచ్చేశాడు.

తొమ్మిదిన్నరకు మూడు పేలికలు జేబులో చేరాయి. పదింటికి అయిదు. అప్పటికి స్వరాజ్యం డ్రైవరు మహేశ్ వచ్చి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లవాడు, నిన్నమొన్నటి దాకా బోరబండ, అమీర్‌పేట నడుమ ఆటో తోలినవాడు, వాడి మాటకు బ్రేకు లేదు.

"కాకా, నీళ్లు లేని బండి ఒంటె అసొంటిది. గంతే కద?"

"ఒంటెకు గంత నోరుండదు. ఆ పదమూడు నంబరు పానా ఇయ్యి."

కార్బురేటర్ బిగించాడు. ఆరో పేలిక జేబులో పడింది. చేతికి చెమట, జారిపోతోంది. మామూలు చెమట కాదు, చల్లగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటి. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా బండి కిందికి జరిగాడు. చేయి పైకి చాచి, మూడో సిలిండరు పక్క తడిమాడు. ముడి వేళ్లకు తగిలింది.

సరిగ్గా అప్పుడే బయట ఆటో ఆగింది. కొబ్బరికాయ, పసుపు, నిమ్మకాయలు పెట్టిన పళ్లెంతో స్వరాజ్యం దిగింది.

"రాజనర్సయ్యగారూ, బయటికి వచ్చెయ్యండి. పూజవేళ బండి కింద మనిషి ఉండకూడదు."

"ఒక్క నిమిషం అమ్మా."

"నిమిషం లేదండీ. పదిన్నరకు రాహుకాలం. పది ఇరవై అయింది. ఈలోపు తాళం తిప్పకపోతే ఇక పన్నెండు దాకా తిప్పకూడదు. పన్నెండుకు తిప్పి ఏం చేస్తాం మనం?"

రెండు వారాలుగా ఆమె నిద్రపోలేదని ఆయనకు తెలుసు. ముడి వదిలేసి బయటికి జరిగాడు. లేచి నిలబడబోతే భుజంలో పోటు మెడ దాకా పాకింది. పక్కనున్న పాత టైరు మీద కూలబడి, తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. మహేశ్ సీసాతో నీళ్లు తెచ్చాడు. ఆ రెండు మూడు నిమిషాలు ఆయన నేలను తప్ప దేన్నీ చూడలేదు.

చూడనిది ఇదీ. స్వరాజ్యం వెనక మూతకు పసుపు రాసి బొట్లు పెట్టింది. కొత్త ఎర్ర రవికెగుడ్డనుంచి ఒక పేలిక చింపి, కొసలకు పసుపు అద్ది, మూత పిడికి చుట్టింది. బండికి ఎర్రగుడ్డ కట్టడం వాళ్ల వైపు ఆనవాయితీ. ముడి వేస్తే మళ్లీ మూత తెరవడం కష్టమవుతుందేమోనని ఊరికే చుట్టి వదిలి, నిమ్మకాయలు పట్టుకుని ముందు చక్రాల వైపు నడిచింది.

రాజనర్సయ్య లేచాడు. తాళం తిప్పే ముందు పేలికలు లెక్కపెట్టకుండా నలభై ఏడేళ్లలో ఒక్కరోజు లేడు. జేబులోవి ఆరు. మూత పిడినుంచి ఎర్రగా ఒకటి వేలాడుతోంది. తీసిన వాటిని ఆయన ఒక్కోసారి అక్కడే వేసేవాడు. చివరిది తీశానా, తీసే ఉంటాను, ముడి వేళ్లకు తగిలింది కదా. దాన్ని లాగి జేబులో కుక్కుకున్నాడు.

"ఏడు" అన్నాడు.

ఆ ఏడును నువ్వు గుర్తుంచుకో.

కొబ్బరికాయ పగిలింది. మహేశ్ తాళం తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి దగ్గి ఆగింది. స్వరాజ్యం కళ్లు మూసుకుంది. మూడోసారి అందుకుంది. షెడ్డు రేకులు సన్నగా అదిరాయి. నాలుగు సిలిండర్లూ ఒకే గొంతుతో, బరువుగా, తొందర లేకుండా. రాజనర్సయ్య కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అప్పటికి పది ఇరవై ఏడు.

మధురానగర్ సందులో ఆడవాళ్లు వరుసగా నిలబడి క్యారియర్లు చేతికి చేయి అందించారు. ఎక్కుతున్న కొద్దీ బండి వెనక భాగం కుంగుతూ వచ్చింది. బయలుదేరేసరికి పదకొండు ముప్పై అయిదు. యూసుఫ్‌గూడ దారి పైపుల కోసం తవ్వి పడేశారు, పంజగుట్ట మీదుగా పోవాల్సిందే. మహేశ్ పక్కన రాజనర్సయ్య కూర్చున్నాడు, కాళ్ల దగ్గర ఒక చెక్క దిమ్మె. ఎత్తు మీద బండి ఆగితే చక్రం వెనక అడ్డం పెట్టే దిమ్మె అది. హ్యాండ్ బ్రేకు మీద ఆయనకు నమ్మకం లేదు.

అమీర్‌పేట చౌరస్తా దాటడానికే పది నిమిషాలు. పంజగుట్ట సిగ్నలు దగ్గర ఇంకో పది. స్కూటర్లు, సిటీ బస్సులు, మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లలు. మహేశ్ స్టీరింగు మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు.

"పన్నెండైతున్నది కాకా."

"బండిని చూడు. గడియారం దాని పని అది చేసుకుంటది."

నాగార్జున సర్కిల్ దాటగానే రోడ్డు పైకి లేచింది. ముందు రెండుసార్లూ వ్యాను ఆగిపోయింది ఒక గుల్‌మొహర్ చెట్టు దగ్గర. మహేశ్ కళ్లు దాని మీదే ఉన్నాయి. మొదటి గేరులోకి వేయబోతే రాజనర్సయ్య వాడి చేయి పట్టుకున్నాడు. "రెండోట్లెనే పోనీ. గుంజుతది." బండి గొంతు కిందికి దిగింది, కానీ తెగలేదు. పట్టు వదలకుండా, తాడు పట్టి పైకి లాగుతున్నట్టు ఎక్కింది. చెట్టు పక్కగా వచ్చింది. చెట్టు వెనక్కి పోయింది.

"కాకా, దాటినం. చెట్టు దాటినం కాకా."

రాజనర్సయ్య తల వెనక్కి తిప్పాడు. ముక్కు ఎగబీల్చాడు.

ఇస్త్రీ పెట్టె కింద చీర మాడితే ఒక వాసన వస్తుందే, అది. ఆయిలు కాదు, రబ్బరు కాదు. గుడ్డ. ఆయన చేయి జేబులోకి పోయింది. పేలికలన్నీ ఒళ్లో వేసుకుని ఒక్కొక్కటే తీశాడు. ఆరు మెత్తగా వేళ్ల మధ్య జారాయి. ఏడోది జారలేదు. గంజి విడవని కొత్త గుడ్డ, గరుగ్గా ఉంది. ముడి లేదు. కొసన పసుపు.

"ఆపు" అన్నాడు.

"ఈడనా? మల్ల లేస్తదా బండి?"

"ఆపు బిడ్డా. తప్పు నాది. లోపల ఒక పేలిక ఉండిపోయింది."

"ఏడున్నయి కద నీ ఒళ్లె."

"ఏడున్నయి. ఆరే నావి. ఇంకో ఫర్లాంగు పోతే మూడో పిస్టన్ పట్టేస్తది. గప్పుడు బండి లేదు, బువ్వ లేదు."

ఆ మాట చెప్పడానికి ఆయన ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. పద్నాలుగేళ్లప్పుడు నోరు రాని మాటే అది.

మహేశ్ బ్రేకు తొక్కాడు. వెనక ఆఫీసు బస్సు ఒకటి హారన్ కొట్టి, పక్కనుంచి తిప్పుకుని పోయింది. వాడు తాళం మీద చేయి వేయబోతే రాజనర్సయ్య పేలికలు జేబులో కుక్కుకుని దిగుతూనే అరిచాడు. "బంద్ చెయ్యకు. బంద్ చేస్తే పంకా ఆగుతది, వేడి ఆడనే కూసుంటది. మెల్లగ నడవనీ. బ్రేకు మీద కాలు తియ్యకు." దిమ్మె చక్రం వెనక తన్నిపెట్టి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు.

పన్నెండు తొమ్మిది. తారు వేడి వీపుకు తగులుతోంది. మొహానికి జానెడు దూరంలో పొగగొట్టం ఎర్రటి వేడి కక్కుతోంది. రెండువందల నలభై క్యారియర్ల బరువు ఒక దిమ్మె మీదా, ఒక కుర్రాడి కాలి మీదా ఆగి ఉంది. ఎడమ చేయి ఇక ఎత్తడానికి రాలేదు. కుడి చేయి ఒక్కటే పైకి చాచాడు. ముడి దొరికింది. లాగాడు. కొంత వచ్చి ఆగిపోయింది. మిగతాది సిలిండరు రెక్కలకు అంటుకుని మాడుతోంది. చేయి ఇంకా లోపలికి పోనిచ్చి, చర్మం ఇనుముకు తగిలినా వెనక్కి తీయకుండా, గుప్పిట పట్టి గుంజాడు. పొగతో సహా ఊడి వచ్చింది. ఒక్క క్షణం ఏమీ మారలేదు. తర్వాత పైనుంచి గాలి వేళ్ల సందుల్లోంచి దూసుకుపోవడం తెలిసింది. రెండు నిమిషాలు అలాగే పడుకుని విన్నాడు. మూడో సిలిండరు గొంతులో గరగర నెమ్మదిగా తగ్గింది.

బయటికి వచ్చాక ఆయన మొహం బూడిద రంగులో ఉంది.

"కాకా, ఎక్కు."

"నేనెక్కితే దిమ్మె ఎవ్వలు చూస్తరు? బండి వెనక్కు వస్తె మల్ల తన్నాలె. మొదటి గేరు పెట్టు. గట్టిగ తొక్కకు, దాని ఇష్టానికి గుంజనీ. పైకి చేరేదాక ఆగకు. నాకోసం సుత ఆగకు, నేను ఆటోల వస్త."

"నీ మొహం గట్లున్నదేందే?"

"ఎండ. పో."

క్లచ్ వదలగానే వ్యాను వేలెడంత వెనక్కి జారి దిమ్మె మీద కూర్చుంది. దిమ్మె కిర్రుమంది. రాజనర్సయ్య కాలు దాని మీద ఆనించి నిలబడ్డాడు. బండి వణికింది. ఎక్కడినుంచి తీసుకుందో ఆ బలం, బరువైన మనిషి మోకాలి మీద చేయి పెట్టి లేచినట్టు, ఒక్క అంగుళం ముందుకు కదిలింది. మరో అంగుళం. చక్రానికీ దిమ్మెకూ మధ్య వెలుతురు కనబడింది. ఆయన కాలు తీశాడు.

వ్యాను పోతుంటే కళ్లతో చూడలేదు, తల వంచి విన్నాడు. మొదటి గేరు. ఇంకా మొదటి గేరే. రెండు. నాలుగు సిలిండర్లూ తక్కెడలో పెట్టినట్టు సరిసమానంగా. ఎత్తు చివర గొంతు తేలికైంది, తర్వాత వినబడలేదు.

దిమ్మె చంకలో పెట్టుకుని ప్రహరీ గోడ పక్కన కాలిబాట అంచున కూర్చున్నాడు. ఒళ్లో పేలికలు సర్దుకున్నాడు. ఆరు మెత్తనివి, ఒకటి సగం కాలినది. పసుపు కొసల గుడ్డను మాత్రం వాటిలో కలపలేదు. పూజలో పెట్టింది కదా, నాలుగు మడతలు పెట్టి చొక్కా పైజేబులో వేరుగా దాచాడు. కాలిన చేతితో ముడులు ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టుకున్నాడు. గోడకు వీపు ఆనించాడు.

పన్నెండు ఇరవై ఆరుకు వ్యాను మాధాపూర్ ఆఫీసు గేటు దాటింది. ఆఫీసు పిల్లలే వరుసగా నిలబడి అందుకుంటే, పన్నెండున్నరకు ఒక్క నిమిషం తక్కువలో చివరి క్యారియరు బల్ల మీదికి చేరింది. మహేశ్ సెల్లులోంచి మెస్‌కు ఫోను చేశాడు. స్వరాజ్యం ఫోను పక్కావిడ చేతికిచ్చి, వంటింట్లోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది.

మహేశ్‌కూ రాజనర్సయ్యకూ ఆమె విడిగా కట్టిచ్చిన క్యారియరు ముందు సీట్లోనే ఉంది. మహేశ్ ఎత్తు దిగి తిరిగి వస్తూ, గుల్‌మొహర్ కన్నా పైన, గోడ నీడలో కూర్చున్న మనిషిని చూసి బండి ఆపాడు.

"కాకా, ఆటో దొరకలేదా? దా, బువ్వ తిందాం. సాంబారు ఒక్క చుక్క ఒలకలేదు తెలుసా."

ఆయన వింటున్నట్టే తల ఒక పక్కకు వంచి ఉన్నాడు. ఊపిరి లేదని మహేశ్‌కు భుజం మీద చేయి వేశాక తెలిసింది. ఆ దారిన పోయిన వందమందీ బస్సు కోసం కూర్చున్న ముసలాయన అనుకుని పోయారు.

మర్నాడు స్వరాజ్యం బోరబండ వెళ్లింది. మహేశ్ దారిలోనే అంతా చెప్పేశాడు, ఎర్రగుడ్డ సంగతితో సహా. ఎప్పుడూ నోరు మూయని మనిషి గడప దగ్గరే నిలబడిపోయింది. "నా గుడ్డేనండీ రుద్రమ్మగారూ, ఆయన లెక్క తప్పించింది" అంది. "నిమిషం ఇమ్మన్నారు. నేనివ్వలేదు."

రుద్రమ్మ ఆమెను చూసింది. ఇంటి గోడ మేకుకు ఉన్న, ఆయన నిన్న తొడుక్కున్న ఖాకీ చొక్కా దగ్గరికి పోయి పైజేబులోంచి నాలుగు మడతల గుడ్డ తీసింది. తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"గిది మాది కాదమ్మా. బండిది. బండికే కట్టు. ఈసారి ముడెయ్యి."

ఆరు మెత్తని పేలికలూ మహేశ్‌కు ఇచ్చింది. ఏడోది ఇవ్వలేదు.

వ్యాను ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఎత్తు ఎక్కింది. ఏనాడూ పన్నెండున్నర దాటలేదు. నువ్వెప్పుడైనా పంజగుట్ట దాటి పైకి పోతుంటే, నీ పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు ఈ సంగతి చెప్పు తల్లీ. కార్లో చల్లగా కూర్చుని వింటారు, విననీ. పేరు మాత్రం వదిలిపెట్టకు, రాజనర్సయ్య అను, ఉస్తాద్ ఆయనతో అన్న మాట కూడా చెప్పు. నమ్మకపోతే బోరబండలో రుద్రమ్మ ఇంటికి పంపు, ఆ ఇంట్లో ఆయన చొక్కా తగిలించుకునే మేకుకు అది ఇంకా వేలాడుతోంది. సగం కాలి నల్లబడిన ఎర్ర పేలిక, దాని కొసన ఆయన వేసిన ముడి, కాలనిది, విడనిది.